రక్తపారుడుకు పసుపు ఒక్కటే చాలదు
(పాన్‌గల్ మండల కోళ్ల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోళ్ల షెడ్డు నడిపేవాళ్లకు రక్తపారుడు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెక్కలు వేలాడేసి మూలకు ముడుచుకుంటాయి. రెట్టలో నెత్తురు పడుతుంది. డాక్టర్లు దీన్ని కాక్సిడియోసిస్ అంటారు. ఐమీరియా అనే పరాన్నజీవి పేగు గోడలో చేరి పెరుగుతుంది. దాని గుడ్లు రెట్టతో బయటపడి, తడి ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే జబ్బు అంటించే స్థితికి వస్తాయి.

ఇప్పుడు మూలికల పొడి ప్యాకెట్లు తెచ్చి, "దాణాలో కలపండి, మందులతో పని లేదు" అంటున్నారు. నిరుడు నేనూ నమ్మాను. నెత్తురు కనపడ్డాక మూడు రోజులు ఆ పొడే కలిపాను. డాక్టరు దగ్గరికి పోయేసరికి చేతులు కాలిపోయాయి.

పసుపులో గుణం లేదని కాదు. 1990ల చివర్లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు దాణాలో ఒక శాతం, అంటే క్వింటాలుకు కిలో, పసుపు కలిపి చూశారు. చిన్నపేగు పై భాగంలో, నడిమి భాగంలో వచ్చే రకాల మీద మేలు కనిపించింది. నెత్తురు పారించి మనల్ని ముంచేది వేరే రకం. అది గుడ్డిపేగుల్లో ఉండే ఐమీరియా టెనెల్లా.

కాబట్టి మూలికలను జబ్బు రాకముందు తోడుగా వాడండి. నెత్తురు పడిందంటే ఆ పూటే చచ్చిన కోడిని పశువైద్యశాలకు తీసుకుపోయి కోయించండి. ఆంప్రోలియం రాసిస్తే మోతాదు, రోజులు తప్పొద్దు. అది తాగించే రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ ఇవ్వకండి. అందులోని బి1 ఆ మందు పనిని తగ్గిస్తుంది.

అన్నిటికంటే ముందు ఊక పొడిగా ఉండాలి. కారే నీళ్ల గిన్నెలు బాగు చేయండి, తడిసిన ఊక తీసేయండి, మిగతాది రోజూ తిరగేయండి. మామూలు ఫినాయిల్‌కు ఈ గుడ్లు చావవు. బ్యాచ్ పోయాక నేలను ఫ్లేమ్ గన్‌తో కాల్చాలి.

ఇక సంఘంగా అడగాల్సింది ఒకటుంది. కాంట్రాక్టు పెంపకంలో దాణా కంపెనీది, మందు కంపెనీది. చచ్చిన కోడి లెక్క మాత్రం మన పెంపకం కూలీలో కోత. దాణాలో ఏ కాక్సిడియా మందు ఎంత కలిపారో ప్రతి బస్తా మీద తెలుగులో రాయాలి. జబ్బుతో చచ్చినట్టు పశువైద్యుడు కాగితమిస్తే ఆ నష్టం రైతు మీద వేయకూడదు. ఈ రెండూ ఒప్పంద పత్రంలోకి ఎక్కేదాకా కలిసి అడుగుదాం.