వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ వద్దా?

(రోడ్డు భద్రతా అవగాహన కార్యక్రమంలో రోగుల బంధువులను, నర్సింగ్ విద్యార్థినులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. మోటారు సైకిలు మీద గాని, స్కూటరు మీద గాని వెనుక కూర్చునేవారు కూడా హెల్మెట్ పెట్టుకోవాలా?

బండి నడిపేవారు పెట్టుకోవాలని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పెట్టుకోనివారు కూడా ఒప్పుకుంటారు! కాని వెనుక సీటు విషయానికి వచ్చేసరికి మన ఆలోచన మారిపోతుంది. మన ఆసుపత్రి గేటు దగ్గర ఒక అరగంట నిలబడి చూడండి. ముందు కూర్చున్న భర్త తలకు హెల్మెట్ ఉంటుంది. వెనుక ఒకవైపుగా కూర్చున్న భార్య తల మీద కొంగు తప్ప ఏమీ ఉండదు. ఆమె ఒడిలో పసిబిడ్డ, ముందు ట్యాంకు మీద మరో బిడ్డ. ఆ కుటుంబంలో ఒక్క తలకే రక్షణ ఉంది. మిగిలిన మూడు తలలు ఆ తల కంటే గట్టివా?

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రతి సంవత్సరం రోడ్డు ప్రమాదాల నివేదిక ప్రచురిస్తుంది. 2022 సంవత్సరపు నివేదిక ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. ఈ 50,029 మందిలో బండి నడుపుతున్నవారు 35,692 మంది, వెనుక కూర్చున్నవారు 14,337 మంది.

ఈ చివరి సంఖ్యను గుర్తుంచుకోండి. రోజుకు సుమారు 39 మంది. వీరందరూ హెల్మెట్ ఉంటే తప్పకుండా బతికేవారని నేను చెప్పను. లారీ చక్రాల కింద పడితే ఏ హెల్మెట్టూ కాపాడలేదు. కాని వీరిలో చాలామంది బతికి ఇంటికి వెళ్ళేవారని మాత్రం చెప్పగలను. అది ఎలాగో వినండి.

తల లోపల ఏమి జరుగుతుంది?

మన మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అది జున్నులాగా మెత్తగా ఉంటుంది. పుర్రె అనే గట్టి పెట్టెలో, నీటివంటి ద్రవంలో తేలుతున్నట్లుగా ఉంటుంది. బండి మీద నుండి పడి తల రోడ్డుకు తగిలినప్పుడు పుర్రె ఒక్కసారిగా ఆగిపోతుంది. లోపలి మెదడు మాత్రం వెంటనే ఆగదు. ముందుకు వెళ్ళి పుర్రె గోడకు కొట్టుకుంటుంది, తిరిగి వెనక్కి వచ్చి రెండోవైపు కొట్టుకుంటుంది. అందువలన బయట చిన్న బొప్పి మాత్రమే కనబడినా లోపల మెదడు కమిలిపోయి ఉండవచ్చు, రక్తనాళాలు చిట్లి ఉండవచ్చు.

చెవికి పైన, కణత దగ్గర ఒకసారి చేయి పెట్టి చూసుకోండి. పుర్రెలో బాగా పలుచగా ఉండే ఎముక అక్కడే ఉంది. దాని లోపలి వైపున ఒక రక్తనాళం పోతుంది. ఎముక చిట్లితే ఆ నాళం తెగి, పుర్రెకు మెదడు పొరకు మధ్య రక్తం చేరుతుంది. పుర్రె సాగదు కాబట్టి చేరిన రక్తం మెదడును నొక్కుతుంది. ఇది నిమిషాల్లో జరగవచ్చు, గంటల్లో జరగవచ్చు. ఈలోగా రోగి లేచి కూర్చుని, "నాకేమీ కాలేదు" అని మాట్లాడవచ్చు కూడా.

నెమ్మదిగా వెళితే ప్రమాదం లేదా?

"మేము ఊళ్ళోనే తిరుగుతాం, ముప్పై దాటం" అని చాలామంది అంటారు. బండి మీద కూర్చున్నవారి తల నేల నుండి సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుండి పడిన వస్తువు నేలకు తగిలేటప్పటికి దాని వేగం గంటకు సుమారు 19 కిలోమీటర్లు ఉంటుంది. అంటే ఆగి ఉన్న బండి మీద నుండి పడినా తల ఇంచుమించు ఆ వేగంతో సిమెంటు రోడ్డును తాకవచ్చు. బండి వేగం నేను ఇందులో కలపనే లేదు.

దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. మంచు కొండల మీద కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకుని జారే స్కీయింగ్ అనే క్రీడ గురించి మీరు వినే ఉంటారు. ఆ క్రీడలో హెల్మెట్ అవసరమా కాదా అని చల్లని దేశాల్లో చాలాకాలం వాదించుకున్నారు. 2009 మార్చి 16న నటాషా రిచర్డ్‌సన్ అనే ప్రసిద్ధ నటి కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. అది కొత్తగా నేర్చుకునేవారి కోసం ఉన్న చిన్న వాలు. ఆమెకు హెల్మెట్ లేదు. పైకి గాయమూ కనబడలేదు. బాగానే ఉన్నానని చెప్పి వైద్యసహాయం వద్దన్నారు. సుమారు గంట తరువాత తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు, మార్చి 18న ఆమె మరణించారు. కారణం, ఇప్పుడే నేను చెప్పిన పుర్రె లోపలి రక్తస్రావమే. పెద్ద వేగం లేదు, ఎదురుగా లారీ లేదు, కింద ఉన్నది మంచు. మన రోడ్డు మంచు కంటే గట్టిది కదా!

వెనుక సీటు సురక్షితమా?

నిజానికి కొన్ని విషయాల్లో వెనుక కూర్చున్నవారికే ప్రమాదం ఎక్కువ. నడిపే వ్యక్తికి రోడ్డు కనబడుతుంది. గుంత వస్తున్నదని, కుక్క అడ్డం వచ్చిందని ముందే తెలుస్తుంది. చేతుల్లో హ్యాండిల్ ఉంటుంది, కాళ్ళు బిగించుకుంటాడు. వెనుక ఉన్నవారికి ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనబడదు. బ్రేకు వేసిన తరువాతనే వారికి సంగతి తెలుస్తుంది.

మన స్త్రీలు చీర కట్టుకుని ఒకవైపుగా కూర్చుంటారు. ఒక చేయి సీటు మీద, రెండో చేతిలో బిడ్డ లేదా సంచి. స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరినప్పుడు పట్టు తప్పి వెల్లకిలా పడతారు. అప్పుడు మొదట నేలకు తగిలేది తల వెనుక భాగం. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకున్నా జరిగేది ఇదే. ఈ రకమైన దెబ్బలతో వచ్చే అక్కచెల్లెళ్ళను మా వార్డులో చూస్తూ ఉంటాం. వారిని తీసుకువచ్చిన భర్తకో, కుమారుడికో మోచేయి మాత్రం గీరుకుపోయి ఉంటుంది. చేతిలో తన హెల్మెట్ పట్టుకుని ఐ.సి.యు. తలుపు దగ్గర నిలబడతాడు. ఆ మనిషితో మేము చెప్పగలిగిన ఓదార్పు మాట ఏమీ ఉండదు.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది?

చాలామంది పైన ఉన్న గట్టి డొప్పే కాపాడుతుందని అనుకుంటారు. అసలు పని చేసేది దాని లోపల ఉన్న థర్మోకోలు వంటి పొర. తల తగిలినప్పుడు ఆ పొర నలుగుతుంది. అది నలిగే ఆ కాస్త సమయంలో తల ఒక్కసారిగా గాక క్రమంగా ఆగుతుంది. దెబ్బ బలం తగ్గుతుంది. గుడ్డును బండ మీద పడవేయడానికీ, దూది మీద పడవేయడానికీ ఉన్న తేడా ఇదే. పైనున్న డొప్ప దెబ్బను ఒకేచోట గుచ్చుకోనీయకుండా చుట్టూ పంచుతుంది.

ఇది ఈనాటి మాట కాదు. 1935 మే నెలలో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ ఇంగ్లండులో మోటారు సైకిలు మీద నుండి పడి, ఆరు రోజులకు మరణించాడు. అతనికి హెల్మెట్ లేదు. అతనిని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆయన ఆ మరణాన్ని మరచిపోలేదు. సైన్యంలో మోటారు సైకిళ్ళ మీద తిరిగేవారి తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ఉన్నవారికి గాయాలు తేలికగా ఉన్నాయని 1941లో ప్రకటించారు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యం తన వాహనచోదకులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. సామాన్య ప్రజలకు ఆ దేశంలో చట్టం వచ్చింది మాత్రం 1973లో. ఒక మంచి మాట తలకెక్కడానికి 32 సంవత్సరాలు పట్టింది!

2008లో కాక్రేన్ సంస్థ వివిధ దేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. హెల్మెట్ వలన ప్రమాదంలో చనిపోయే అవకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం సుమారు 69 శాతం తగ్గుతాయని తేలింది. ఇంత మేలు చేసే మందు మా ఫార్మసీలో ఉంటే దాని కోసం మీరు వరుసలో నిలబడేవారు.

తరచుగా వినే మాటలు

"జుట్టు ఊడిపోతుంది." హెల్మెట్ వలన బట్టతల రాదు. చెమట, మురికి చేరితే దురద రావచ్చు. లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకోండి. లోపలి మెత్తను అప్పుడప్పుడు శుభ్రం చేయండి.

"కొప్పుకు, పూలకు పట్టదు." నిజమే. అందుకని జడను కిందికి వదలండి. గట్టి క్లిప్పులు తీసివేయండి. పూలు దిగిన తరువాత పెట్టుకోవచ్చు.

"హారను వినబడదు, మెడకు దెబ్బ తగులుతుంది." సరైన హెల్మెట్ పెట్టుకున్నా హారను వినబడుతుంది. హెల్మెట్ వలన మెడ గాయాలు పెరుగుతాయని అధ్యయనాల్లో రుజువు కాలేదు.

"నుదుటి మీద ఏది రాసి ఉంటే అదే జరుగుతుంది." అలా అనేవారు కూడా రాత్రి తలుపుకు గడియ పెట్టుకునే పడుకుంటారు కదా! తలకు పెట్టే గడియ ఈ హెల్మెట్.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ నడిపేవారికీ, వెనుక కూర్చునేవారికీ తేడా చూపలేదు. తలపాగా ధరించే సిక్కులకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఢిల్లీలో స్త్రీలకు చాలాకాలం మినహాయింపు ఉండేది. 2014లో సిక్కు స్త్రీలకు తప్ప మిగిలినవారికి దానిని తొలగించారు. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలి. లేకుంటే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు కోల్పోవచ్చు. 2022లో చేసిన నిబంధన, తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ లోపు బిడ్డలకు కూడా తలకు సరిపడే హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని చెబుతుంది. అంతకంటే చిన్న పసిబిడ్డతో బస్సులోనో, ఆటోలోనో వెళ్ళండి. ఒకే బండి మీద నలుగురు ఎక్కడం ఎలాగూ చట్టవిరుద్ధం.

కొనేటప్పుడు గమనించండి

1. ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 4151 అనే సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. రోడ్డు పక్కన అమ్మే పలుచని టోపీల వంటివి కొనవద్దు.
2. తలకు బిగుతుగా సరిపోవాలి. తల ఊపినప్పుడు హెల్మెట్ కదలకూడదు.
3. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడినప్పుడు హెల్మెట్ ముందే ఎగిరిపోతుంది. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు.
4. ఒకసారి ప్రమాదంలో దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్ళీ వాడవద్దు. పైకి బాగున్నా లోపలి పొర నలిగి ఉంటుంది.
5. పిల్లలకు పిల్లల సైజే కొనండి.

తలకు దెబ్బ తగిలితే

దెబ్బ తగిలిన తరువాత కాసేపు స్పృహ తప్పినా, తలనొప్పి పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, మగతగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, చెవి నుండి గాని ముక్కు నుండి గాని రక్తం లేదా నీరు కారినా, ఒక చేయి, కాలు బలహీనపడినా ఆలస్యం చేయవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, సోడా పోయవద్దు. మెడ కదలనీయకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్‌ను లాగి తీయవద్దు, అంబులెన్సు సిబ్బందికి వదలండి. గాయపడినవారికి సహాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడకండి. 2019 సవరణలో 134ఏ సెక్షన్ అలా సహాయపడేవారికి రక్షణ ఇచ్చింది.

సోదరీ సోదరులారా, మంచి హెల్మెట్ ఒకటి దాదాపు వెయ్యి రూపాయలకు దొరుకుతుంది. మీ ఇంట్లో బండి ఉంటే బండికి ఒకటి అని గాక, దాని మీద ఎక్కే తలకు ఒకటి అని లెక్క వేసుకోండి. అమ్మలారా, మీ వారు, "నీకెందుకులే, పక్క వీధికే కదా" అంటే బండి ఎక్కకండి. అన్నలారా, వెనుక కూర్చున్నవారు పట్టీ బిగించుకున్న చప్పుడు వినకుండా కిక్కు కొట్టకండి. ఈ రెండు అలవాట్లు ఈ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడే మొదలుపెడతారని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.