జిప్సం మూట, డిగ్రీ పుస్తకం
(రైతు సంఘం మండల సభలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి పెద్దలు మాట్లాడారు. మేము డిగ్రీ చదివే మన పిల్లల గురించి నాలుగు మాటలు చెబుతాం.

మొన్న మా ఊళ్లో బి.యస్సీ. చదివే పిల్లవాణ్ణి అడిగాం, కాల్షియం సల్ఫేట్ అంటే ఏంది నాయనా అని. ఫార్ములా గడగడా చెప్పాడు. ఎక్కడ వాడతారంటే తల వంచుకున్నాడు. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం కదా, నువ్వు మోసిన మూటలు అవే అన్నాం. "అదే ఇదా పెదనాయనా!" అన్నాడు.

తప్పు వాడిది కాదు. ఇంటర్ దాకా తెలుగులో చదివాడు. 2021-22 నుంచి మన ఆంధ్ర రాష్ట్రంలో డిగ్రీని ఇంగ్లీషు మీడియం చేశారు. ఇంగ్లీషు వద్దని మనం అనం, మన పిల్లలకూ కావాలి. కానీ మెట్లు కట్టకుండా మిద్దె ఎక్కమంటే ఎట్లా? అర్థం కానిది బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరిచిపోతారు.

ఇక హాజరు. 75 శాతం ఉండాలంటారు. కాయ పీకే రోజుల్లో కూలీలు దొరకరు. "నాలుగు రోజులు ఆగు నాయనా" అనేది మనమే. ఆడపిల్లనైతే ఆ మాత్రం కూడా అడగం, పనిలోకి దింపుతాం. ఈ తప్పు మనదే, ఒప్పుకోవాలి. సాయంత్రం ల్యాబుకు ఉంటే ఊరికి ఆఖరి బస్సు ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపుతారు. అప్పుడు మనం వడ్డీకి పరిగెత్తుతాం.

అందుకే సంఘం తరఫున నాలుగు అడుగుదాం. బడి పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు వేసినట్టు డిగ్రీ పుస్తకాలు వేయాలి. మొదటి ఏడాది ఇంగ్లీషుకు ప్రత్యేక తరగతులు పెట్టాలి. కాలేజీ వదిలే వేళకు బస్సు నడపాలి. ప్రభుత్వం బాకీకి పిల్లల సర్టిఫికెట్లు ఆపకూడదు.

మన వంతు కూడా ఒకటుంది. పొలం అమ్మయినా చదివిస్తామంటాం. ఏం చదివావని ఒక్కనాడైనా అడిగామా? ఈ రాత్రి అన్నం తినేటప్పుడు అడగండి. మనకు అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పగలిగితే ఆ పాఠం వాళ్లకు వచ్చినట్టే. చెప్పలేకపోతే కోప్పడొద్దు. ఎక్కడ ఆగిపోయారో కనుక్కుని, మరునాడు కాలేజీకి మనమే వెళ్లి సారును అడుగుదాం.

సెలవు.