పరదేశమున సలహావృత్తి, దాని లైసెన్సు
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



విదేశములందలి మన యువకులను గూర్చి మాటలాడుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. అది సముద్రమంత విషయము. అందొక పాయను మాత్రమే గ్రహించుచున్నాము. దుబాయిలో కొంతకాలము పరుల కొలువు చేసి, పిమ్మట స్వంతముగా సలహావృత్తి పెట్టదలచినవానికి అనుమతి యెట్లు లభించును? ఇందు మేము పండితులము కాము, దెబ్బతిన్నవారము.

మా మేనల్లుడు కట్టడముల ఇంజనీరు. అతడచ్చట స్వంత కార్యాలయము తెరువగోరగా, రేపల్లె చెంతనున్న రెండెకరముల మాగాణిని తాకట్టుపెట్టి మేము సొమ్ము సమకూర్చితిమి. ఒక మధ్యవర్తి వారము దినములలో లైసెన్సు తెచ్చెదననెను. మాట తప్పలేదు, వారములోనే వచ్చినది. అయితే అది వ్యాపార నిర్వహణ సలహాలకు ఒక ఫ్రీజోనువారిచ్చినది. మావాడు చేయదలచినదో, నక్షాలు, కట్టడపు బలాబలముల లెక్కలు. ఇంజనీరింగు సలహావృత్తికి దుబాయి మునిసిపాలిటీవారి యామోదము వేరుగా కావలెను. మొదటి నక్షాయే త్రిప్పిపంపబడినది. ఏడాది అద్దెయు, రుసుములును నీటిపాలయ్యెను. మధ్యవర్తినొక్కనినే నిందించుట న్యాయము కాదు. లైసెన్సుమీద వృత్తిపేరు స్పష్టముగనే యున్నది. దరఖాస్తును చదువక సొమ్మిచ్చినవారము మేము.

అచ్చట నివసించుటకు వీసా వేరు. సంస్థ నడుపుటకు లైసెన్సు వేరు. శాస్త్రవృత్తి చేయుటకు ఆమోదము వేరు. ఒకటి చేతనున్నంతమాత్రమున మరియొకటి రాదు. ఫ్రీజోనులకు వెలుపల దుబాయిలో లైసెన్సు నిచ్చువారు ఆర్థిక, పర్యాటక శాఖవారు. వారి జాబితానుండి వృత్తి నెన్నుకొని, సంస్థపేరు నమోదు చేయించి, ప్రాథమికానుమతి పొంది, కార్యాలయపు అద్దె ఒడంబడికను చూపవలెను. గడువు తీరినప్పుడు పునరుద్ధరణము తప్పదు. ఫ్రీజోను సంస్థ నగరమున పని చేయవలెనన్న వేరే యనుమతి కావలెను. పూర్వము పెక్కు వ్యాపారసంస్థలలో నూటికి 51 వంతులు ఆ దేశీయునివై యుండవలసెడిది. 2021 జూను 1 నుండి ఆ నిర్బంధము చాలవరకు తొలగినది. ఇప్పటికిని ఆ పేరు చెప్పి సొమ్ము గుంజువారు లేకపోలేదు. జీతముపై పన్ను లేదు గాని, 2018 నుండి నూటికి 5 వంతుల వ్యాట్ కలదు. 2023 జూను 1 మొదలు ప్రారంభమైన లెక్కల సంవత్సరములకు, 3,75,000 దిర్హములకు పైబడిన సంస్థల లాభముపై నూటికి 9 వంతుల పన్నును కలదు.

ఇంతకంటె పెద్దచిక్కు మన యింటనే యున్నది. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పదవతరగతి పత్రములో ఇంటిపేరు ఒక్క యక్షరము. పట్టాలో పూర్తి పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచినవారును గలరు. ఇంగ్లీషులో సుబ్బారావుకు ఒకచోట రెండు 'బి'లు, వేరొకచోట ఒకటి. మన చెవికి భేదము లేదు. అచ్చటి గుమాస్తాకు వారిరువురు మనుష్యులు! ఒకే పేరు గల పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చువారిని రానీయమని 2022 నవంబరులో ఎమిరేట్సువారు ప్రకటించినప్పుడు, ఈ ఖాళీగడి విలువ పలువురకు తెలిసినది. పట్టా నాగార్జున విశ్వవిద్యాలయముదైనను, 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి పొందినదైనను, దానిపై మొదట రాష్ట్రప్రభుత్వపు ధ్రువీకరణము, పిమ్మట కేంద్ర విదేశాంగశాఖ ముద్ర, అటుపై ఎమిరేట్సు రాయబార కార్యాలయపు ముద్ర, తుదకు ఆ దేశపు విదేశాంగశాఖ ముద్ర పడవలెను. పేరులో నక్షరము తేడా వచ్చెనా, కథ మొదటికి వచ్చును. కావున పదవతరగతి పత్రము చేతికి వచ్చిననాడే తలిదండ్రులు దానిని సరిచూచుకొనవలెను.

సొమ్మును గూర్చి రెండు మాటలు. ఇచ్చట నివసించు తండ్రి కుమారుని విదేశసంస్థలో వాటా కొనినచో, 2022 ఆగస్టు 22 నాటి నిబంధనల ననుసరించి బ్యాంకు ద్వారా రిజర్వుబ్యాంకువారి నమోదు సంఖ్య పొందవలెను. ఒక వ్యక్తి యే ఆర్థికసంవత్సరమునను అన్ని పనులకును కలిపి పంపదగినది 2,50,000 డాలర్లు. దొంగదారిని పంపినవానికి వాటా తనదని చూపుటకు కాగితమే యుండదు.

పోషకులకొక మనవి. మన సంఘనిధినుండి విమానపు టికెట్టుకు అప్పిచ్చుచున్నాము. పత్రముల ముద్రలకు, వృత్తి పరీక్షల రుసుములకు ఇచ్చుట లేదు. టికెట్టు నొకప్పుడు కొలువిచ్చువాడే యిచ్చును. ముద్రల ఖర్చు నెవ్వరు నీయరు. ఊరు విడుచువారికి సంఘము సొమ్మేలయని కొందరు పెద్దలు నిన్న అడిగిరి. పిల్లవాడు ఊరు విడుచును గాని, అప్పు ఊరు విడువదు. మా మేనల్లుడు మరల కొలువులో చేరెను. ఆ రెండెకరములు నేటికిని తాకట్టులోనే యున్నవి.

ఈ తీర్మానము సాయంకాలసభకు వచ్చుచున్నది. దానితోపాటు తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఒక్కొక్కచోట, ఉద్యోగవిరమణ చేసిన పెద్దలొకరు నెలకొక దినము కూర్చుండి యువకుల కాగితములను ఉచితముగా చదివిచూడవలెనని కోరుచున్నాము. తెనాలికి మేము పేరిచ్చితిమి. తక్కిన రెండును ఖాళీగా నున్నవి. రేపల్లె యువకులిద్దరు తమ కాగితములు వెంటదెచ్చిరని తెలిసినది. భోజనానంతరము వారు ఉత్తరపు వసారాలో మమ్ము కలిసికొనవచ్చును.