మూగజీవుల యెడల మన బాధ్యత

సికింద్రాబాదు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట వెలసిన ఊరు. దండు విడిసిన ఈ పట్టణము గుఱ్ఱముల డెక్కలమీదను, ఎద్దుల మూపులమీదను పెరిగినది. ఇక్కడి బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మరుసటి యేట కలకత్తాలో ఆ పరిశోధనను ముగించుటకు ఆయనకు పిచ్చుకల వంటి పక్షులే ఆధారమైనవి. మన బరువులు మోసినవియు, మన రోగమునకు మూలము తెలిపినవియు మూగజీవులే. ఈ ఋణము తీరుటెట్లు?

జాలి చూపిన చాలునని కొందరందురు. జాలి మంచిదే. కాని అది ఒకనాడు కలుగును, ఒకనాడు కలుగదు. బాధ్యత అట్లు మన యిష్టముపై నిలుచునది కాదు. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సాగించిన కృషికి ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. జంతువు ఎవరి అధీనములో నున్నదో వారే దాని క్షేమమునకు పూచీ వహింపవలెనని ఆ చట్టము మూడవ సెక్షను చెప్పుచున్నది. 1965 నాటి నియమములు దీనిని మరింత స్పష్టము చేసినవి. బండి లాగు పశువుచేత దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి నీయక 5 గంటలకు మించి నడుపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటుచోట పగలు 12 మొదలు 3 గంటల వరకు కాడి కట్టరాదు. మన ఊరి వేసవి నెరిగినవారికి ఈ కడపటి నియమము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

బండివాడు పేదవాడు, ఎద్దు నిలిచినచో అతని యింట పొయ్యి వెలుగునా యని అడుగువారు కలరు. ఆ మాట నిజమే. అందుచేతనే భారమంతయు అతనిపై మోపరాదు. మిట్టమధ్యాహ్నమే సరకు చేరవలెనను వర్తకుడును, కూలి మిగుల్చుకొనుటకు రెండు బండ్ల బరువు నొకదానిపై కెక్కించు గృహస్థుడును, బాజాల నడుమ గుఱ్ఱమును గంటల తరబడి నిలువబెట్టు పెండ్లివారును ఈ తప్పులో పాలు గలవారే. కొరడా అతని చేతిలోనిదైనను, తొందర మనది.

ఇక ఈ చట్టము తొలి తప్పిదమునకు విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వరకు మాత్రమే. అంత స్వల్పమైన భయము ఎవరిని ఆపగలదు? 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక విధులలో ప్రాణులయెడ కరుణ యొకటి. ఆ విధి మన గడపయొద్దనే మొదలు కావలెను. సరకును ఉదయమున గాని, సాయంకాలమున గాని తెప్పించుకొందము. బండి నీడన ఆగినంతసేపటికిని కూలి చెల్లింతము. వాకిట నొక నీళ్లతొట్టి నుంచుదము.