పరదేశపు ధనము - పచ్చని పరిశ్రమ



పరదేశపు ధనము వచ్చిన దేశము బాగుపడునని కొందరును, చెడునని కొందరును వాదించుచుందురు. ఇందలి నిజము తేల్చుటకు ఇండొనీసియా దేశపు నికెల్ కథ మంచి నిదర్శనము.

నికెల్ ఒక లోహము. స్టెయిన్‌లెస్ స్టీలు తయారీకిని, విద్యుత్తుతో నడచు బండ్ల బ్యాటరీలలో కొన్ని రకములకును అది కావలయును. సులవేసి ద్వీపమున ఈ ఖనిజము ఎఱ్ఱమట్టి రూపమున విస్తారముగా నున్నది. అయితే నూరు బండ్ల మట్టిని కరగించినను దొరకు లోహము రెండు బండ్లకు మించుట అరుదు. చాలకాలము ఆ దేశము మట్టిని మట్టిగానే ఓడల కెక్కించి పంపెను. లాభము కరగించినవారిదయ్యెను, గోతులు త్రవ్వినచోట మిగిలెను.

ఈ స్థితిని మార్చదలచి ప్రభుత్వము 2014 లో ముడి ఖనిజపు ఎగుమతిని నిషేధించెను. 2017 లో కొంత సడలించి, 2020 జనవరి నుండి నికెల్ విషయమున మరల సంపూర్ణముగా అమలుపరచెను. ఖనిజము కావలసినవారు కరగించు కొలుములను అచ్చటనే కట్టవలసివచ్చెను. చైనా కంపెనీలు ధనమును, యంత్రములను, నేర్పరులను తెచ్చినవి. మొరోవాలి యను చోట గొప్ప పారిశ్రామికవాడ వెలసెను. మట్టిని అమ్మిన దేశము లోహమును అమ్మజొచ్చెను. 2023 నాటికి ప్రపంచమున త్రవ్విన నికెల్‌లో ఇంచుమించు సగము ఆ దేశముదే. పరిశ్రమ ఒక మెట్టు పైకెక్కుట యనగా నిదియే.

కాని ఆ కొలుములకు వేడిమి ఎచ్చటిది? అధికభాగము బొగ్గుది. కర్మాగారముల కొఱకే ప్రత్యేకముగా బొగ్గు విద్యుత్కేంద్రములు వెలసినవి. 2022 లో ఇండొనీసియా క్రొత్త బొగ్గు కేంద్రములను నియంత్రించుచు శాసనము చేసెను. కాని ఖనిజముల విలువ పెంచు పరిశ్రమల కేంద్రములకు అందు మినహాయింపు నిచ్చెను. 2023 డిసెంబరులో మొరోవాలిలోని ఒక కర్మాగారమున ప్రేలుడు సంభవించి 21 మంది మరణించిరి. పట్టణములో పొగలేని బండి నడచును. దానికి కావలసిన లోహము కరగుచోట పొగ క్రమ్మును. ఇది పచ్చదనము కాదు. పొగను ఒక ఊరినుండి వేఱొక ఊరికి మార్చుట.

అట్లని పరదేశపు ధనమును నిందించుట న్యాయము కాదు. అదే దేశమున, జావా ద్వీపములోని సిరాటా జలాశయముపై, అరబ్ ఎమిరేట్ల సంస్థయగు మస్దార్ భాగస్వామ్యముతో, నీటిపై తేలు సౌరవిద్యుత్కేంద్రము 2023 నవంబరులో ప్రారంభమయ్యెను. దాని సామర్థ్యము 192 మెగావాట్లు. అదియు పరదేశపు ధనమే. ధనము నీరువంటిది, కాలువ త్రవ్విన తీరును బట్టి పైరును తడుపును, లేదా పల్లమును ముంచును. ఖనిజమును ఎచ్చట కరగించవలెనో శాసింపగలిగిన ప్రభుత్వము, దేనితో కరగించవలెనో కూడ శాసింపవచ్చును.

కావున క్రొత్త కర్మాగారము వచ్చునన్నప్పుడు ఎంత ధనము వచ్చునని మాత్రమే అడిగిన చాలదు. అందు ఏ ఇంధనము మండును? త్రవ్విన గోతులను ఎవరు పూడ్చుదురు? పనివాని ప్రాణమునకు రక్షణ యేమి? ఒప్పందము వ్రాయకముందే ఈ మూడును అడుగవలెను. అడుగుటకు విషయము తెలిసియుండవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపులు తెఱచియుంచుట అందులకే.