పలకమీది వ్రాత: లినక్సు కర్నెలునందలి ర్యామ్ డిస్కు



నేటి ప్రసంగవిషయము పేరు వినుటకు కొంత కఠినముగా నుండును. లినక్సు అను కంప్యూటరు వ్యవస్థలోని కర్నెలునకు ర్యామ్ డిస్కు మాడ్యూలును నిర్మించుట. మాటలన్నియు పరభాషవే యైనను, విషయము మాత్రము మీరు చిన్ననాట బడిలో నెరిగినదియే.

పలకమీద బలపముతో వ్రాయునది క్షణములో వ్రాయవచ్చును. తడిగుడ్డ తగిలినచో క్షణములో పోవును. పాలంపేట రామప్పగుడిలో 1213లో చెక్కిన శాసనమున్నది. దానిని చెక్కుటకు శిల్పి యెన్ని దినములు శ్రమించెనో గాని, ఎనిమిదివందల యేండ్లు గడచినను అక్షరములు చెడలేదు. కంప్యూటరునందును ఇట్టి రెండు వ్రాతలు గలవు. ర్యామ్ అనునది పలక; డిస్కు అనునది శాసనము. విద్యుత్తు పోయినతోడనే ర్యామ్ తుడిచివేసిన పలక యగును. డిస్కులోనిది నిలిచియుండును.

ఈ రెంటి వేగములలో భేదమెంత? తిరుగుడు పళ్ళెము గల డిస్కునుండి ఒక వ్రాతను వెదకి తెచ్చుటకు పట్టుకాలము, ర్యామ్ నుండి తెచ్చుకాలమునకు ఇంచుమించు లక్షరెట్లు. పలకనుండి చదువుటకు ఒక సెకను పట్టునని యనుకొందము. అప్పుడు డిస్కునుండి చదువుటకు లక్ష సెకనులు, అనగా ఒక పగలు, ఒక రాత్రి, మరి ఇంచుమించు మూడుముప్పావు గంటలు కావలెను. ఏటూరునాగారమునుండి ఓరుగల్లునకు ఆగక కాలినడకన పోవువానికి ఇంచుమించు అంతకాలమే పట్టును. తిరుగుడు లేని నూతన డిస్కులు వచ్చినపిమ్మట ఈ దూరము చాల తగ్గినది గాని తీరలేదు.

కర్నెలు అనగా గింజలోని పప్పు. మన యడవిలో ఇప్పగింజకు పైన పెంకు, లోపల నూనెనిచ్చు పప్పు ఉండును గదా. అట్లే కంప్యూటరులో పైకి కనబడు బొమ్మలకు లోపల నుండి, యంత్రభాగముల నన్నిటిని నడపునది కర్నెలు. లినక్సు కర్నెలును 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. 1992లో దానిని జీపీయల్ అను అనుమతిపత్రము క్రింద విడుదల చేసెను. ఆ పత్రము ప్రకారము ఎవరైనను ఈ వ్రాతను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. అయితే మార్చి యితరులకు పంచువాడు తన మార్పులను సైతము దాచరాదు. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థ లినక్సును తెలుగులో కనబడునట్లు కూర్చి యిచ్చుటకు వీలైనది ఈ యనుమతివలననే.

ఇక మాడ్యూలు. కర్నెలు నడచుచుండగనే దానికి తగిలించి, పనితీరిన వెనుక విప్పివేయదగిన భాగము మాడ్యూలనబడును. ర్యామ్ డిస్కు మాడ్యూలు చేయు పని యొక విధముగా నటనము. ర్యామ్ లోనిదే కొంత స్థలమును తీసికొని, కర్నెలుతో "ఇది డిస్కు" అని చెప్పును. కర్నెలు డిస్కు నడిగినట్లే దాని నడుగును. అడుగుట 512 బైట్ల గడులలో జరుగును. ఒక ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును; మన తెలుగు వర్ణమునకు సాధారణముగా మూడు పట్టును. ఈ విషయమున మనము కొంత ఖరీదైనవారమే. సాధారణముగా ర్యామ్ 4096 బైట్ల పుటలుగా నుండును గనుక, ఒక పుటలో ఎనిమిది గడులిముడును. ఏదైన వ్రాయువరకు మాడ్యూలు పుటను తీసికొనదు. ఎన్నడును వ్రాయని గడిని చదువుమన్నచో సున్నలు చూపును. ఇంతమాత్రమే దాని రహస్యము.

కర్నెలులో నేడున్న ర్యామ్ డిస్కు మాడ్యూలునకు బీఆర్డీ యని పేరు. పూర్వపుదానిని తీసివేసి నిక్ పిగిన్ క్రొత్తగా వ్రాసినది 2008లో కర్నెలున చేరెను. మొత్తము కర్నెలు మూడుకోట్ల పంక్తులు దాటినది గాని, ఈ మాడ్యూలు కొన్నివందల పంక్తులే. ఓపిక గల కుఱ్ఱవాడు దీనిని ఆమూలాగ్రము చదువగలడు. కర్నెలు వెలుపల పెట్రోస్ కౌటూపిస్ నిర్మించిన ర్యాపిడ్ డిస్కు అను మరియొక మాడ్యూలు గలదు. అది మందగతి డిస్కునకు ముందు పలకవలె నిలిచి, తరచుగా నడుగు వ్రాతలను దగ్గర నుంచుకొనును.

విద్యుత్తు పోయిన తుడిచిపెట్టుకుపోవు డిస్కు మనకేల యని మీరడుగవచ్చును. తాళపుచెవి పెట్టెలోనే యుండిపోయిన సంగతి తలచుకొనుడు. కంప్యూటరు మేల్కొనునప్పుడు డిస్కును చదువుటకు కావలసిన మాడ్యూలు ఒక్కొక్కప్పుడు ఆ డిస్కులోనే యుండును. అందుచేత మొదటికావలసిన సామగ్రిని చిన్న ర్యామ్ డిస్కులో నుంచి కర్నెలున కందించు పద్ధతి పుట్టెను. నేడు ఆ పనిని ప్రాయికముగా దానినుండియే వచ్చిన మరియొక యేర్పాటు చేయుచున్నది.

మీ జేబులోని ఫోనున కిది మరింత దగ్గర. ఆండ్రాయిడు ఫోనులన్నిటిలోను లినక్సు కర్నెలే యున్నది. నితిన్ గుప్తా వ్రాసిన జడ్‌ర్యామ్ అను మాడ్యూలు, వ్రాతను నొక్కి చిన్నది చేసి ర్యామ్ లోనే దాచును. పత్తిని బేలుగా కట్టినట్లు, అదే చోటున నెక్కువ పట్టును. తక్కువ ర్యామ్ గల చౌక ఫోనులకు 2013 నుండి ఆండ్రాయిడు దీనిని వాడుకొనుట కేర్పాటు చేసినది. బడిలో మూలబడిన పాత కంప్యూటరునకు సైత మిది కొంత యూపిరి పోయును.

అయినను ఒక హెచ్చరిక చేయక తప్పదు. కొన్ని లినక్సు కూర్పులలో తాత్కాలిక వ్రాతలుంచు అర నేడు ర్యామ్ లోనే యుండును. వానకాలమున గాలివాన వచ్చి విద్యుత్తు పోవుట మీకు క్రొత్త కాదు. పోడుభూమి పట్టాకై దినమంతయు కూర్చి టైపుచేసిన దరఖాస్తు ఆ యరలోనే యున్నచో, దీపముతోపాటు అదియు నారిపోవును. కావున మీ పత్రమును కంప్యూటరున వ్రాయువానిని "ఎక్కడ దాచితివి?" అని నిస్సంకోచముగా నడుగుడు. అడుగుట మీ హక్కు. తెలియకున్న వెదకి చెప్పుట వాని పని.

ఇట్టి మాడ్యూలును తానే నిర్మింపగోరు విద్యార్థి మీ యింట నున్నచో, అతడు సీ యను భాషను నేర్వవలెను. కర్నెలులోని తప్పు సామాన్యమైన తప్పు కాదు. ఒక్క పంక్తి చెడిన యంత్రమంతయు స్తంభించును. అందుచేత కంప్యూటరులోనే మరియొక కల్పిత కంప్యూటరును సృష్టించి, ముందందులో పరీక్షింతురు. తన మార్పు కర్నెలులో చేరవలెనన్న, అనుభవజ్ఞులు పంక్తిపంక్తియు పరీక్షించి ప్రశ్నలు వేయుదురు. ఇచ్చువాడు తన పేరుతో బాధ్యత వహించు వాక్యమును వ్రాయవలెనను నియమము 2004 నుండి గలదు. ఊరు, కులము, పట్టము ఎవరు నడుగరు.

అతడు చేయవలసిన తొలిపరీక్ష యిది. మాడ్యూలును తగిలించి, దానిలో నొక పుస్తకమంత వ్రాత నింపి, చదివి సరిచూడవలెను. పిమ్మట విప్పివేసి, కర్నెలునకు ర్యామ్ అంతయు తిరిగివచ్చినదా యని లెక్కింపవలెను. పెండ్లికి అరువు తెచ్చిన గుండిగలు, గంగాళములు పెండ్లి ముగియగానే లెక్కపెట్టి యెవరివి వారికిచ్చినట్లే. ఒక్క పుట తక్కువైనను, ఆ లోపము దొరకువరకు అతడు మరల మొదటి పంక్తినుండి చదువుకొనవలసినదే.