గీత పడనంతమాత్రమున

 

నా ఉద్యోగజీవితమున అధికభాగము గోదావరి తీరమందలి రొయ్యల ఎగుమతి కర్మాగారములలో, సూక్ష్మజీవుల ల్యాబులయందే గడచినది. రొయ్యలలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి కలదో లేదో తేల్చుటకు నాలుగైదు దినములు పట్టెడిది. ఎర్రని ఎక్స్‌ఎల్‌డీ అగారుమీద నల్లని నడిబొట్టుగల కాలనీలు తలయెత్తువరకు ఎగుమతిదారు మా గుమ్మమునొద్ద పచార్లు చేయుచునే యుండెడివాడు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ పండితులు ఒకే పోలికగల ప్రతిరక్షకములను కోరినంత పుట్టించు మార్గము చూపిన పిదప, బంగారుకణములనంటిన ప్రతిరక్షకము సూక్ష్మజీవిని పట్టుకొని పలుచని పొరవెంట ప్రాకిపోవగా, అచట కాచుకొనియున్న వేరొక ప్రతిరక్షకము దానిని నిలువరించి ఎర్రని గీతగా చూపు పరీక్షపట్టీలు వచ్చినవి. మాకది వరప్రసాదమే.

కాని నా దిగులంతయు గీత పడనప్పటి సంగతియే. 25 గ్రాముల నమూనాలో ఒక్క సాల్మొనెల్లాయు ఉండరాదని నియమము. మిల్లీలీటరునకు లక్షకు పైబడి యున్నగాని పట్టీ సాధారణముగా నోరు విప్పదు. ఆ 25 గ్రాములను 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీటిలో కలిపి, 37 డిగ్రీల ఇంక్యుబేటరులో రాత్రియెల్ల ఉంచి, ఒక్కటిగానున్న దానిని కోట్లుగా పెంచినగాని ఈ రెంటికిని పొంతన కుదురదు. పట్టీకి 15 నిమిషములు చాలును; పెంపకమునకు ఒక రాత్రి కావలసినదే. మౌనం అర్ధాంగీకారమనుట పెండ్లిచూపులయందు చెల్లునేమో గాని, పట్టీ మౌనమునకు చెల్లదు నాయనలారా!

ఒకమారు ఒక మేనేజరుగారు, "కంటెయినరు సాయంత్రమే కదలవలెనండీ, కడిగిన నీళ్లలో పట్టీ ముంచి నెగటివని వ్రాసి యియ్యరాదా?" అనిరి. "రేపు రండి" అంటిని. కంటెయినరు ఆలస్యముగానైనను కదలినది. ఆయన మాత్రము నాతో చాలకాలము మాటలాడలేదు.

గీత పడినను తొందరపడరాదు. ప్రతిరక్షకము సూక్ష్మజీవి పైపొరను గుర్తించునేగాని ప్రాణమును గుర్తింపదు. చచ్చినదానికిని గీత పడవచ్చును గనుక మరల ఆ అగారు పళ్లెమునే ఆశ్రయింపవలెను.

నేడు పట్టభద్రులైన మీలో పెక్కుమంది ఇట్టి కొలువులకే పోయెదరు. నివేదికపై సంతకము చేయుటకు ముందు, నమూనా ఏ వేళ ఇంక్యుబేటరులో పెట్టిరో, ఏ వేళ తీసిరో రిజిస్టరులో చూడుడు. ఆ గడులు ఖాళీగా నున్నచో, ఎదుట నిలిచినవారు యజమానులే యైనను సరే, కలము జేబులో పెట్టుకొనుడు.